బూజుకర్రకి తాళం

ఆ ఇంట్లో బీరువాకి తాళం లేదు. నగల పెట్టెకి తాళం ఉండేది గానీ, చెవి పోయి చాలా కాలమైంది. తాళమూ తాళంచెవీ రెండూ సవ్యంగా ఉన్న వస్తువు ఒకే ఒక్కటి, బూజుకర్ర. దాన్ని మామగారు మెట్లకింద కమ్మీకి గొలుసుతో కట్టేసి, తాళంచెవి మెడలో వేసుకుని తిరిగేవాడు. ఎందుకంటే ఆయనకి సాలీళ్లంటే ప్రాణం. సరదా అనో, ముచ్చట అనో సరిపెట్టడానికి వీల్లేదు, ప్రాణమే! తన అనుమతి లేకుండా ఇంట్లో ఒక్క సాలెగూడు రాలినా ఆ పూట ఆయనకి ముద్ద దిగేది కాదు.

ఆయనది బజారులో కళ్లజోళ్ల షాపు. మెడలో ఆ తాళంచెవి పక్కనే ఒక భూతద్దం కూడా వేలాడుతుండేది. షాపులో దాంతో అద్దాల మీద గీతలు చూసేవాడు, ఇంటికొస్తే గోడల మీద సాలీళ్లని చూసేవాడు. గోడమీద గెంతుతూ తిరిగే బుల్లి సాలీడు ఒకటి కనిపించిందంటే చాలు, ఇంటిల్లిపాదికీ పిలుపులు.

"ఎనిమిది కళ్లమ్మా! ఎనిమిది! ఒక్క కంటికీ అద్దం అక్కర్లేదు! మనుషులందరికీ ఇలాంటి కళ్లే ఉంటే మనం ఏనాడో అడుక్కుతినేవాళ్లం!" అని, అదేదో గొప్ప శుభవార్తయినట్టు కోడలికి చెప్పి పొంగిపోయేవాడు.

కోడలికేమో సాలీడంటే చచ్చేంత భయం. పుట్టింట్లో బల్లిని చూసి కేకలు పెట్టిన పిల్ల, పెనం మీంచి పొయ్యిలో పడ్డట్టు ఈ ఇంటికొచ్చి పడింది. పెళ్లిచూపుల్లో అబ్బాయి ఉద్యోగం గురించి అడిగారు, అలవాట్ల గురించి అడిగారు గానీ, మీ ఇంట్లో సాలీళ్లెన్ని అని అడగాలని ఎవరికి తోస్తుంది?

పొద్దున్నే టీ తాగుతూ మామగారు వార్తలు చదివేవాడు. పేపర్లోవి కాదు, గోడలమీదవి.

"నీళ్లగదిలో పైపు చాటున ఉండే బ్రహ్మచారి నిన్న కిటికీ ఆవిడ గుమ్మం దాకా వెళ్లాడు. మర్యాదస్తుడు! తలుపు తట్టినట్టు గూడు అంచుని మెల్లిగా మీటాడు. ఆవిడ ఊఁ అంటే పెళ్లి, ఆకలితో ఉంటే ఫలహారం."

"ఎవరికి ఫలహారం?" అంది కోడలు, గ్లాసు నోటిదాకా వెళ్లి ఆగిపోయింది.

"ఆవిడకి. పెళ్లికొడుకే ఫలహారం! అందుకే ఆకలితో ఉన్న ఆడవాళ్ల జోలికి వెళ్లకూడదంటాను."

"మరి మీరిన్నాళ్లూ ఎలా బతికిపోయారో!" అంది అత్తగారు వంటింట్లోంచి.

పొడుగు కాళ్ల సాలీళ్లంటే ఆయనకి మరీ ముద్దు. మూలల్లో తలకిందులుగా వేలాడుతూ, గడ్డిపోచల్లాంటి కాళ్లతో, ఊదితే ఊగిపోయేవి. నిజంగానే ఊదేవాడు కూడా. అలా ఊదగానే సాలీడు గూడంతా పట్టుకుని గిరగిరా ఊపేసేది, ఎక్కడుందో కంటికి ఆనకుండా. "చూశావా! శత్రువుని తికమక పెడుతోంది! నిన్నూ నన్నూ కూడా!" అని ఆయన చిన్నపిల్లాడిలా చప్పట్లు కొట్టేవాడు. ఆ జాతి ఆడసాలీడు గుడ్ల మూటని నోట కరుచుకుని, పిల్లలు బయటికొచ్చేదాకా తిండి మానేస్తుందని చెబుతుంటే మాత్రం ఆయన గొంతు బొంగురుపోయేది. పెరిగేకొద్దీ సాలీళ్లు పాములాగే కుబుసం విడుస్తాయి గదా, ఆ ఎండు కుబుసాలు ఏరి ఒక అగ్గిపెట్టెలో దాచుకునేవాడు. ఒకసారి చుట్టపుచూపుగా వచ్చినాయన పొయ్యి వెలిగిద్దామని ఆ అగ్గిపెట్టె తెరిచాడు. అంతే, ఆ తర్వాత ఆయన ఆ ఇంటి గుమ్మం తొక్కలేదు.

ఇక గుడ్లు పెట్టిన సాలీడు ఏ గదిలో ఉంటే ఆ గదికి బాలింత గది అని పేరు. ఆ గదిలో దుమ్ము దులపకూడదు, సామాను జరపకూడదు, గట్టిగా తుమ్మకూడదు. పిల్లలన్నీ బయటికొచ్చి, ఒక్కో దారప్పోగు గాల్లోకి వదిలి, దాన్ని పట్టుకుని ఎగిరిపోయేదాకా ఆ గది మనుషులది కాదు.

కోడలు కాపురానికొచ్చిన కొత్తలో ఆ వైభోగం వంటింటికి పట్టింది. వచ్చిన రెండో రోజునే మామగారు గుమ్మానికి అడ్డంగా చేతులు చాపి నిలబడ్డాడు.

"ఎవరూ లోపలికి వెళ్లకండి! అటకమీద బాలింత! పెద్ద జాతి! ఎంత సంచీ పెట్టిందనుకున్నారు, గుండ్రంగా, తెల్లగా, బిళ్లలా! నా జన్మలో ఇంత సంచీ చూళ్లేదు! పొగ తగిలిందా, పిల్లలు దక్కవు."

"మరి వంటో?" అంది అత్తగారు.

"పెరట్లో!"

అన్నంత పనీ చేశాడు. పెరట్లో పొయ్యి పెట్టి గరిటె తనే పట్టుకున్నాడు. కోడల్ని పక్కన కూర్చోబెట్టుకుని, "ఉప్పు ఎంత వెయ్యాలో నాకెప్పుడూ గుర్తుండదు, ఓ చూపు చూసి చెప్పు తల్లీ", "ఇది మాడుతోందంటావా, వేగుతోందంటావా?" అని ఒకటే ప్రశ్నలు. అసలు సంగతేమిటంటే ఆ పిల్లకి అప్పటికి నీళ్లు కాచడం తప్ప ఏమీ రాదు. పుట్టింటివాళ్లు మాత్రం వంటలో దిట్ట అని కోతలు కోసి పంపారు. ఏ క్షణాన బండారం బయటపడుతుందోనని బిక్కుబిక్కుమంటూ ఉన్న పిల్లకి ఆ సాలీడు దేవతలా అడ్డొచ్చింది. బాలింత వెళ్లిపోయి వంటిల్లు తెరిచేసరికి ఆమె పెరటి పొయ్యి దగ్గరే వంట నేర్చేసుకుంది. అత్తగారికి ఈ రోజుకీ ఆ సంగతి తెలియదు.

సరిగ్గా ఆ రోజుల్లోనే అత్తగారి పౌడరు డబ్బాలో పఫ్ మాయమైంది. మెత్తగా, పువ్వులా ఉండే పఫ్. ఆవిడకది పంచప్రాణాలు. "ఎలుక ఎత్తుకుపోయింది" అని ఆవిడ తీర్పు చెప్పేసింది.

"ఎలుకకి పౌడరెందుకే?" అన్నాడు మామగారు.

"సాలీడుకి పురుడెందుకు? మీ ఇంట్లో పురుగూ పుట్రా అన్నీ సోకులే!" అంది ఆవిడ. అది మొదలు ఏ వస్తువు కనబడకపోయినా ఆ ఇంట్లో ఎలుకనే అనేవారు.

అలా ఏళ్లు గడిచాయి. కోడలు కుట్టుపనిలో చెయ్యి తిరిగిన మనిషైంది. కానీ చోటేది? మిషను ఇంటి నడవలో ఉండేది. ఎవరు అటూ ఇటూ వెళ్లినా ఆమె కాళ్లు పైకెత్తి దారివ్వాల్సిందే. అలాంటి టైములో ఊళ్లో కొత్తగా కట్టిన నాటకశాలవాళ్లు తెర కుట్టిపెట్టమని వచ్చారు. ఎర్ర వెల్వెట్టు తెర! వేదికంత వెడల్పు! గుడ్డ తెచ్చి నడవలో పడేస్తే ఇంట్లో జనం గోడలు పట్టుకుని నడవాల్సి వచ్చింది. తెర సమయానికి అందకపోతే పని వేరేవాళ్లకి పోతుంది. అందితే మాత్రం, ఇక ఊళ్లో ఏ హాలుకి తెర కావాలన్నా ఆమె గుమ్మంలోకే వస్తారు. ఆమె బతుకులో అంత పెద్ద పని రావడం అదే మొదలు.

అదృష్టం ఎలా కలిసొచ్చిందంటే, మేడమీద పెద్ద గదిలో అద్దెకున్న లెక్కల టీచరమ్మ సొంత ఫ్లాటు కొనుక్కుంది. "ఒకటో తారీఖున ఖాళీ చేస్తాను. మాటంటే మాట. లెక్కల్లో ఒకటి అంటే ఒకటే, రెండు కాదు" అని చెప్పింది. ఆ గది కోడలికే అని ఇంట్లో అందరూ ఒప్పేసుకున్నారు. కోడలు బల్ల ఎక్కడ వెయ్యాలో, మిషను ఏ కిటికీ పక్కన పెట్టాలో రోజూ మనసులోనే సర్దుకుంటూ ఆనందించేది.

నెలాఖరులో టీచరమ్మ స్కూలు మెట్లమీద జారిపడింది. ఇద్దరు పట్టుకుని మేడెక్కించారు. "బెణుకు! ఉత్త బెణుకు! ఎవరూ పరామర్శలకి రావద్దు, నేను సామాను కట్టుకోవాలి" అని ఆవిడ పైనించే కేకేసింది. ఆవిడ సంగతి తెలిసినవాళ్లెవరూ పైకి వెళ్లే సాహసం చెయ్యలేదు. అత్తగారు పంపిన క్యారియరు కూడా గుమ్మంలోనే పెట్టించుకునేది.

మర్నాడు షాపు నుంచి వచ్చిన మామగారు తిన్నగా మేడెక్కాడు. కాసేపటికి కిందికి దిగివచ్చి, నడవ మధ్యలో వెల్వెట్టు మీద నిలబడి చాటింపు వేశాడు.

"టీచరుగారి గదిలో బాలింత!"

కోడలి చేతిలో కత్తెర కింద పడింది.

"పొడుగు కాళ్లది! బీరువాకీ గోడకీ మధ్య! మూట నోట్లోనే ఉంది! బీరువా జరిపితే గూడు తెగుతుంది, గూడు తెగితే మూట జారుతుంది! టీచరుగారి కాళ్లావేళ్లా పడి ఒప్పించాను. పిల్లలు వెళ్లిపోయేదాకా ఆవిడ కదలరు!"

"మరి నా తెరో మామయ్యా?"

"షాపు వెనక గది ఖాళీ చేయిస్తానమ్మా, అక్కడ కుట్టుకో. కళ్లజోళ్ల పెట్టెలే గదా, ఎక్కడైనా సర్దుతాను."

"నాకేం అక్కర్లేదు!" అంది కోడలు. ఇన్నేళ్లు ఈ ఇంట్లో మనిషిగా తిరిగితే, ఆఖరికి తనకంటే ఒక సాలీడు ఎక్కువైంది! బయట ఎవరికైనా చెప్పుకుందామంటే నవ్విపోతారు. భర్తకి చెప్పుకుంటే, "నాన్న సంగతి నీకు తెలుసుగా" అని పక్కకి తిరిగి పడుకున్నాడు.

రోజులు గడుస్తున్నాయి. నాటకశాల మనిషి వచ్చి, "తెర ఎంతదాకా వచ్చిందమ్మా?" అని అడిగి, గుడ్డ ఇంకా మడత కూడా విప్పలేదని చూసి మొహం ముడుచుకుని వెళ్లాడు. ఆ పొద్దున్న కోడలికి తెగింపు వచ్చేసింది. మామగారు స్నానానికి వెళ్లేటప్పుడు మెడలోవి తీసి తలుపు బయట మేకుకి తగిలిస్తాడు. లోపల గొంతెత్తి పాడుతూ, మధ్యమధ్యలో పైపు బ్రహ్మచారితో యోగక్షేమాలు మాట్లాడుతూ, ఎంతకీ బయటికి రాడు. ఆమె తాళంచెవి అందుకుంది. బూజుకర్ర విడిపించింది. ఒక్క తిప్పు తిప్పితే బాలింతా లేదు, పాపిష్టి గూడూ లేదు! రేపే సామాను దింపించెయ్యచ్చు!

కర్ర చంకన పెట్టుకుని మేడెక్కింది. తలుపు ఓరగా తీసే ఉంది. టీచరమ్మ వాలుకుర్చీలో పడుకుని కళ్లు మూసుకుని ఉంది. ఎప్పుడూ ఒళ్లో కప్పుకునే దుప్పటి జారిపోయి ఉంది. కింద, స్టూలు మీద, దిండు మీద, ఆవిడ కాలు. పాదం నుంచి మోకాలి దాకా తెల్లటి పిండికట్టు!

బెణుక్కి పిండికట్టు వేస్తారా? కోడలు అక్కడే నిలబడిపోయింది. ఆవిడ కొన్న ఫ్లాటు మూడో అంతస్తు, లిఫ్టు ఇంకా పెట్టలేదు. ఆ కట్టుతో, ఆ మెట్లు, మాట కోసం!

అయినా వచ్చిన పని వచ్చిందే గదా అని కళ్లు సగం మూసుకుని బీరువా చాటుకి కర్ర చాపింది. కర్ర కొస సాలీడుకి తగిలింది. సాలీడు గిరగిరా ఊగలేదు. ఆమె ఒక కన్ను తెరిచింది. ఊదింది. అది ఎండుపోచలా అటూ ఇటూ ఆడింది, అంతే. ఇదేమిటి? ఇన్నేళ్లుగా పొద్దున టీ గ్లాసులోకి ఒంపించుకున్న విద్య ఊరికే పోతుందా? జీవితంలో మొదటిసారి ఆమె సాలీడు దగ్గరికి మొహం పెట్టి చూసింది. వీపు చీలి ఉంది. లోపల ఏమీ లేదు. కుబుసం! అగ్గిపెట్టెలో కుబుసం! దాని నోటికి బంకతో అంటించిన గుడ్ల మూట లేత నీలంగా ఉంది. ఏ సాలీడూ నీలం గుడ్లు పెట్టదు. నీలం మందుతో కళ్లజోళ్ల అద్దాలు తుడిచే షాపులో దూది మాత్రం ఆ రంగులోనే ఉంటుంది.

"ఎవరూ?" అని టీచరమ్మ కళ్లు తెరిచింది. చటుక్కున దుప్పటి లాక్కుంది. "ఏమిటా కర్ర?"

"అదీ... గూడు గట్టిగా ఉందో లేదో చూద్దామని వచ్చానండీ" అంది కోడలు.

"ఇంకెన్నాళ్లమ్మా ఇది? పుట్టి బుద్ధెరిగాక నేను మాట తప్పింది లేదు. మీ మామగారు కళ్లనీళ్లు పెట్టుకున్నారు కాబట్టి సరే అన్నాను. ఆయన మీద జాలేసింది, ఏం చెయ్యను? పోనీ, నీకీ గది అవసరమని విన్నాను. నువ్వు చెప్పు, ఇవాళే వెళ్లమంటే ఇవాళే వెళతాను." అంటూ ఆవిడ కుర్చీ చేతులు పట్టుకుని లేవబోయింది. మొహం నొప్పితో ముడుచుకుపోయింది.

ఒక్క మాట. "వెళ్లండి" అని ఒక్క మాట అంటే గది తనది. కోడలు తెరనీ తలుచుకుంది, దుప్పటి కింద కాలునీ చూసింది.

"అయ్యో, ఇవాళెక్కడండీ! ఇంకా నెల పడుతుంది!"

"సాలీడుకి నెలా?"

"తొలి కాన్పండీ!"

సరిగ్గా అప్పుడే మెట్లమీద దబదబా అడుగుల చప్పుడు. మేకుకి తాళంచెవి కనబడలేదు కాబోలు. "బాలింత! బాలింత! అమ్మాయీ, వద్దు! నా మాట విను!" అంటూ ఒంటిమీద తువ్వాలుతో, నెత్తిన సబ్బు నురగతో మామగారు గుమ్మంలోకి వచ్చిపడ్డాడు. కోడల్నీ చూశాడు, కర్రనీ చూశాడు.

"ఏం కాలేదు మామయ్యా. తల్లీ పిల్లలూ క్షేమం" అంది కోడలు. "తొలి కాన్పు గదా, నెల పడుతుందని టీచరుగారికి చెబుతున్నాను."

మామగారి కళ్లలో నీళ్లు తిరిగాయి. సబ్బు వల్ల కావచ్చు. "ఆఁ, నెల... నెలకి తక్కువైతే కాదు" అన్నాడు.

"ముందు ఒళ్లు తుడుచుకోండి! బాలింతకి జలుబు చేస్తుంది!" అని గదమాయించింది టీచరమ్మ.

మెట్లు దిగుతూ మామగారు గుసగుసగా అడిగాడు. "ఎలా కనిపెట్టావు?"

"దూది నీలంగా ఉంది మామయ్యా. సాలీడు కళ్లజోడు తుడుచుకుంటుందా?"

"అయ్యో! తొందర్లో చూసుకోలేదు!" అని నెత్తి కొట్టుకున్నాడు, నురగ నాలుగు పక్కలా ఎగిరింది. "మా షాపు ఎదురుగానే ఎముకల డాక్టరు. కాలి ఎముక చిట్లింది, నెల దాకా నేలమీద ఆనిస్తే జన్మంతా కుంటడమే అన్నాడు. ఈవిడేమో ఎవరైనా ఉండమంటే జాలిపడుతున్నారని ఇంకా తొందరగా వెళ్లిపోయే రకం. ఆవిడ సాయం తీసుకోదమ్మా. చెయ్యమంటే మాత్రం చేస్తుంది. అందుకని నాకే సాయం చెయ్యమన్నాను."

"నాకో మాట చెబితే ఏం పోయింది?"

"నీ మొహంలో ఏదీ దాగదు తల్లీ. నువ్వు మెట్లకింద నన్ను తిట్టుకుంటుంటే పైన ఆవిడ వినేది. నీ తిట్లు చూసే ఇది నిజం సాలీడని నమ్మింది!"

కోడలికి కోపం రావాలో నవ్వు రావాలో తెలియలేదు. చివరికి నవ్వే వచ్చింది. మధ్యాహ్నానికల్లా వెల్వెట్టు మోయించుకుని షాపు వెనక గదికి చేరింది. అక్కడా చోటు చాలక సగం తెర షాపులోకి పారింది. కళ్లు చూపించుకోవడానికి వచ్చినవాళ్లు వెల్వెట్టు దాటుకుంటూ వచ్చి అక్షరాలు చదివారు. మామగారు ఒక చేత్తో కస్టమర్లకి అద్దాలు మారుస్తూ రెండో చేత్తో తెర అంచు పట్టుకుని నిలబడేవాడు. ఇంటికెళ్లాక ఇద్దరూ కలిసి టీచరమ్మకి రోజూ బులెటిన్ వినిపించేవారు. మామగారు ఒకటి చెబితే కోడలు రెండు కలిపేది. తెర అనుకున్న వేళకి లేచింది, నాటకశాలవాళ్లు అక్కడికక్కడే ఇంకో రెండు తెరలు చెప్పారు.

పిండికట్టు తీసిన వారానికి టీచరమ్మ తన కాళ్లమీద తను మెట్లు దిగింది. "మీ పిల్లలు?" అని అడిగింది.

"అందరూ దారాలు పట్టుకుని ఎగిరిపోయారండీ" అన్నాడు మామగారు గంభీరంగా.

"సంతోషం. నా మూలంగా ఒక ప్రాణికి ఇబ్బంది లేకుండా అయింది. కానీ ఇలాంటి సాయాలు మాటిమాటికీ అడక్కండి!" అని వేలు చూపించి మరీ రిక్షా ఎక్కింది.

గది కోడలిదైంది. కిటికీ పక్కన మిషను పెట్టి, టీచరమ్మ బీరువా ఉన్నచోట గోడకి మిగిలిపోయిన కుబుసాన్ని జాగ్రత్తగా తీసి అగ్గిపెట్టెలో వేస్తుండగా ఆమెకి టక్కున ఏదో తట్టింది.

"మామయ్యా! నా కొత్తలో వంటింటి అటకమీద బాలింత... అది కూడా దూదేనా?"

"ఛ ఛ!" అన్నాడు మామగారు నొచ్చుకుంటూ. "అంత పెద్ద జాతికి దూది ఏం ఆనుతుంది?" వెనక్కి తిరిగి చూసి, గొంతు బాగా తగ్గించాడు. "మీ అత్తయ్య పౌడరు పఫ్."

"అంటే నాకు వంట రాదని మీకు..."

"నీళ్లు కాస్తూ మాడ్చిన గిన్నె మొదటిరోజే చూశానమ్మా" అన్నాడాయన, భూతద్దం తుడుచుకుంటూ. "పఫ్ మళ్లీ డబ్బాలో పెట్టేద్దామనుకున్నాను. ఈలోగా నిజంగానే ఎలుక ఎత్తుకుపోయింది."

కోడలు చెంగున లేచి మామగారి చేతులు రెండూ పట్టుకుని ఊపేసింది. కళ్లు చెమర్చినా పళ్లు కనబడేలా నవ్వింది. ఆ సాయంత్రమే తెరలో మిగిలిన ఎర్ర వెల్వెట్టు ముక్క గుండ్రంగా కత్తిరించి, లోపల ఆ నీలం దూదితో పాటు ఇంకాస్త దూది కూరి, చుట్టూ కుచ్చు కుట్టి, చప్పుడు కాకుండా అత్తగారి పౌడరు డబ్బాలో పెట్టొచ్చింది.

మర్నాడు పొద్దున్నే ఇల్లెగిరిపోయేలా కేక.

"చూశారా! నేను చెప్పలా, ఎలుకేనని! ఇన్నేళ్లకి బుద్ధొచ్చి తెచ్చిచ్చేసింది!" అంటూ అత్తగారు మొహమంతా పౌడరుతో నడవలోకి పరుగెత్తుకొచ్చింది. మరుక్షణం పఫ్ కళ్ల దగ్గర పెట్టుకుని చూసింది. "కానీ తెల్లటిది ఎర్రగా అయిందేమిటి?"

మామగారు టీ గ్లాసు కింద పెట్టి, మెడలోని భూతద్దం కంటికి ఆనించుకుని, పఫ్‌ని అటూ ఇటూ తిప్పి పరీక్షగా చూశాడు.

"సిగ్గుపడి ఉంటుంది" అన్నాడు.